టీల్మన్ కొట్టిన గురి

వెసెల్ పొలంలోని నీళ్ళ పంపును ఎవరో కాల్చి చంపారు. చంపారనే అనాలి. ఇంజను గుండెలో పిడికిలి దూరేంత బొక్క పడి, నూనె అంతా నేలపాలైంది. తూటా వచ్చింది పక్క పొలంలోని గుట్ట మీంచి. గుట్టకూ పంపుకూ మధ్య దూరం రెండు కిలోమీటర్లు.

అంత దూరం నుంచి కొట్టగలవాడు జిల్లా మొత్తం మీద ఒక్కడే ఉన్నాడని పెట్రోలు బంకువాడి నుంచి చర్చి పాస్టరు దాకా అందరూ పోలీసు కెప్టెన్ ఒరాటిలెకి చెప్పారు. ఆ ఒక్కడూ టీల్మన్. గుట్ట అతనిదే, గుట్ట కింది ఊటా అతనిదే. ఈ కరువులో వెసెల్ పంపు బురదే కక్కుతున్నా, అది తన ఊటను సన్నబరిచేసిందని, దాన్ని ఎప్పుడో పేల్చి పారేస్తానని ఊరంతా వినేలా తిట్టినవాడూ అతనే.

ఇక ఆ గురి సంగతి. సరిహద్దు యుద్ధంలో శత్రువుల దగ్గర పట్టుకున్న మనిషంత పొడవు తుపాకీతో, రెండు కిలోమీటర్ల అవతల పోతున్న లారీ ఇంజన్ను ఒక్క దెబ్బతో ఆపేశానని టీల్మన్ ముప్పై ఏళ్ళుగా బార్‌లో చెబుతున్నాడు. ధూళి లేచి జాడ తెలిసిపోకుండా తుపాకీ గొట్టం ముందు నేలను తడపడం, ఎండమావి ఎటు వాలుతోందో చూసి గాలిని కనిపెట్టడం, ఊపిరి సగం వదిలి ఆగడం, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవాడు. వినేవాళ్ళు బ్రాందీ పోయించేవాళ్ళు. హెస్టర్ అతన్ని పెళ్ళాడింది కూడా ఆ కథ విన్నాకే.

నిజానికి టీల్మన్ జన్మలో గురిపెట్టింది ఉల్లిపాయలకు మాత్రమే. సైన్యంలో అతను వంటవాడు. లారీ ఆగిన మాట నిజం, ఆపిన చెయ్యి వేరు. వడ్డిస్తూ చెవిన పడ్డ కథను ఇంటికొచ్చాక తన పేరు మీద రాయించుకున్నాడు, అంతే.

పంపు సంగతి తెలిసిన రోజు బార్‌లో అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అప్పుడైనా నోరు విప్పి, నేను కాదురా బాబూ అనొచ్చు. టీల్మన్ మీసం దువ్వుకుని చిన్నగా నవ్వాడు. మర్నాడు ఇంటి ముందు పోలీసు బండి ఆగింది.

కెప్టెన్ గుట్ట మీద దొరికిన ఇత్తడి గొట్టాన్ని బల్ల మీద పెట్టింది. కాల్చిన తూటా తాలూకుది, ముదురు ముల్లంగంత ఉంది.

"అక్కడ నేల తడిపి ఉంది పెద్దాయనా. గొర్రెలకే నీళ్ళు లేని చోట బండకి నీళ్ళెవరు పోస్తారు? అంతా అచ్చం మీరు చెప్పుకునే కథే. మా మేనమామ ఆ యుద్ధంలో అవతలి వైపు లారీ నడిపాడు. ఆయన ఓ రోజు నడుచుకుంటూ ఇంటికి రావడం మీ పుణ్యమేనా అని ఎప్పటినుంచో అడగాలనుకుంటున్నా."

ఇల్లంతా గాలించినా తుపాకీ దొరకలేదు గానీ, ఎక్కడో పాతిపెట్టే ఉంటారంది కెప్టెన్. అలాంటి తుపాకీ దాచినందుకే పదిహేనేళ్ళు పడుతుందని కూడా చెప్పింది.

ఫిర్యాదు ఇచ్చిన వెసెల్ బల్లకు అవతల కూర్చుని ఉన్నాడు. చర్చిలో చందా పళ్ళెం పట్టుకుని తిరిగే నెమ్మదస్తుడు. సైన్యం కబుర్లు అడిగితే, నేనక్కడ బూట్లు పంచేవాణ్ణని చెప్పి ఊరుకునేవాడు. ఇప్పుడూ తల వంచుకుని కాఫీ తాగుతున్నాడు.

టీల్మన్ తన భార్య మొహం చూశాడు. కళ్ళనిండా నీళ్ళున్నాయి, వాటి వెనక ఎక్కడో గర్వమూ ఉంది. చెయ్యని నేరం ఒప్పుకుంటే పదిహేనేళ్ళు. నిజం ఒప్పుకుంటే బతికినన్నాళ్ళూ ఊరి నవ్వులు. వీటిలో ఏది పెద్ద శిక్షో తేల్చుకోలేక, చివరికి బేడీల కోసం చేతులు చాచాడు. కిటికీ బయట చేరిన జనం నిట్టూర్చారు.

హెస్టర్ ఏడుస్తూ, రేపే గుట్టా ఊటా అమ్మేసి మంచి లాయర్ని పెడతానంది. వెసెల్ మెల్లిగా కప్పు కింద పెట్టాడు.

"బయటివాళ్ళకెందుకులేమ్మా, నేను తీసుకుంటాను."

టీల్మన్ చేతులు వెనక్కి లాక్కున్నాడు.

"కెప్టెన్, నేను సైన్యంలో వంటవాణ్ణి," అన్నాడు.

ముందుగా తేరుకున్నది హెస్టర్.

"వంటవాడివా? మరి ఇన్నేళ్ళూ మూడు పూటలా నా చేత వండించావేమయ్యా?"

కిటికీ బయట ఎవరో పక్కున నవ్వారు. టీల్మన్ చెవులు కందిపోయాయి. సిగ్గుతో చచ్చిపోతున్నాడు, అయినా తల దించలేదు. వంటవాడికి తడిపిన నేల గురించీ ఎండమావి గురించీ ఎలా తెలిసిందని కెప్టెన్ నిలదీసింది.

"కొట్టినవాడే చెప్పాడు. ఆ సాయంత్రం మాటిమాటికీ కంచం పట్టుకొచ్చి, మాంసం కూర వేయించుకుంటూ మరీ చెప్పాడు. ఆ తుపాకీని ముక్కలుగా విప్పి దొంగతనంగా ఇంటికి తెచ్చుకున్నాడు. అందుకే నేను తన కథను నాదని చెప్పుకుంటున్నా ఇన్నేళ్ళూ కిక్కురుమనలేదు. నేను ప్రాణం పోయినా వంటవాణ్ణని చెప్పుకోననీ వాడికి తెలుసు."

టీల్మన్ బల్ల అవతలికి తిరిగాడు.

"ఏం వెసెల్, ఇంకో గరిటె వెయ్యనా?"