మద్దమ్మ చివరి ఫైలు

దేవుడి గూట్లోంచి పెన్ డ్రైవ్ తీసి యతీశ్ నింపాదిగా జేబులో వేసుకున్నాడు. కన్నతల్లి చివరి మాటలు కొడుకు తీసుకుంటే అది దొంగతనం ఎలా అవుతుందని అతని ధైర్యం.

తల్లి మద్దమ్మ పోయి ఆ రోజుకు ఏడాది. తిథికని భార్య శశికళతో హోసూరు నుంచి కెలమంగలం వచ్చాడు గానీ, వదిన మంజులమ్మతో అతనికి మాటలు లేవు. అన్న పోయాక బస్టాండు పక్కన మెస్సు నడుపుకుంటూ అత్తను చివరిదాకా చూసుకున్నది ఆమే. బావి కింది రెండెకరాలు ఇంకా తల్లి పేరు మీదే ఉన్నాయి. ఆ భూమి దగ్గరే రెండేళ్ల కిందట మాటామాటా పెరిగింది. చూసుకున్నందుకు అమ్మ ఆ పొలమంతా వదినకే రాసిచ్చిందేమోనని అప్పటినుంచీ అతనికి లోపల ఒకటే పీకులాట.

ఆ అనుమానానికి భోజనాల దగ్గర ఆధారం దొరికింది. అన్న కూతురు ప్రేమ కృష్ణగిరిలో కంప్యూటర్ డిప్లొమా చదువుతోంది. వడ్డిస్తూ వడ్డిస్తూ నోరు జారింది.

"అవ్వ ఆస్పత్రిలో చెప్పిందంతా నేను టైపు చేసినాను చిన్నాయనా. సి ప్రోగ్రాము రాసి దానికి తాళం కూడా వేసినాను. నువ్వైనా తెరవలేవు."

మంజులమ్మ కూతుర్ని కళ్లతోనే అదిలించి, టీవీ పక్కనున్న పెన్ డ్రైవ్‌ను గబగబా తీసుకెళ్లి దేవుడి గూట్లో దాచింది. అంతగా దాచాల్సిన మాట భూమి గురించి కాక మరేముంటుంది? చుట్టాలు చేతులు కడుక్కునేలోపు గూడు ఖాళీ అయింది.

మరునాడు ఆదివారం. పొద్దున్నే హోసూరు ఇంట్లో యతీశ్ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. పదేళ్లుగా ఫ్యాక్టరీ మెషీన్లకు సి భాషలో ప్రోగ్రాములు రాసే మనిషి. ఫైలు నిండా పిచ్చిగీతల్లాంటి గుర్తులే. పది నిమిషాల్లో ఆ తాళం గుట్టు తెలిసిపోయింది. ప్రతి బైటులోని ఎనిమిది బిట్లనూ, అంటే సున్నాలనూ ఒకట్లనూ, ప్రేమ ఒక్క స్థానం ఎడమకు జరిపింది, అంతే. నవ్వుకుంటూ కుడికి జరిపాడు. మళ్లీ పిచ్చిగీతలే వచ్చాయి.

కాఫీ తెచ్చిన శశికళ, జరిపినదాన్ని వెనక్కి జరిపితే సరిపోదా అని అడిగింది.

"వరసగా ఎనిమిది కుర్చీలున్నాయనుకో," అన్నాడు యతీశ్. "అందరూ ఎడమకి ఒక కుర్చీ జరిగితే మొదట్లో ఉన్నోడు కిందపడతాడు. మళ్లీ కుడికి జరిగినా వాడు లేచి రాడు కదా."

ఇంగ్లీషు అక్షరాలకైతే ఆ మొదటి కుర్చీలో ఎప్పుడూ సున్నాయే కాబట్టి, పడినా నష్టం లేదు. తెలుగు అక్షరాలకు అక్కడ ఒకటి ఉంటుంది. పిల్ల తన ప్రోగ్రామును ఇంగ్లీషు మీదే పరీక్షించి ఉంటుంది. తెలుగులో ప్రతి గుర్తుకూ మూడు బైట్లు, ఆ మూడింట్లో మొదటి బైటు ఎప్పుడూ మారదు. యతీశ్ ఆ వరసను పట్టుకుని, అది కనిపించిన ప్రతిచోటా కిందపడిన ఒకటిని లేపి కూర్చోబెట్టేలా ప్రోగ్రాము రాశాడు. కాఫీ చల్లారేలోపు తెరమీద తెలుగు అక్షరాలు వచ్చాయి.

ధనియాలు ఆరు సోలలు. ఎండుమిరపకాయలు నాలుగు సోలలు, తొడిమెలు తియ్యాల. మెంతులు గుప్పెడు, మాడకూడదు. ఇలా రెండు పేజీలు. చారులో వేసే సారుపొడి చేసే పద్ధతి. భూమి ఊసే లేదు.

శశికళ పగలబడి నవ్వింది. యతీశ్‌కు మాత్రం ఒళ్లు మండింది. తనను ఏమార్చడానికి ఈ ఫైలు ఎరవేసి, అసలుది ఇంకెక్కడో దాచారని తేల్చుకున్నాడు. ఆ రెండు పేజీలూ ప్రింటు తీసుకుని బైకెక్కాడు.

కెలమంగలం చేరేసరికి భోజనాల వేళ. అయినా మెస్సులో ఇద్దరే తింటున్నారు. అమ్మ ఉన్నప్పుడు ఆమె సారు కోసం వచ్చేవాళ్లతో ఈ వేళకు నిలబడటానికి కూడా చోటుండేది కాదు. యతీశ్ నేరుగా వెళ్లి కాగితాలను వదిన ముందు బల్లమీద విసిరాడు.

"మా అమ్మ చివరి మాటలు ఇవేనా వదినా? మీ తాళం పగలగొట్టినాను, చూసుకో. అసలు పత్రం యాడ పెట్టినావు?"

మంజులమ్మ దొంగతనం మాటే ఎత్తలేదు. కళ్లద్దాలు పెట్టుకుని పెదవులు కదుపుతూ మొదటి నుంచి చివరిదాకా చదివింది. కొంగుతో కళ్లు ఒత్తుకుంది. గుట్టు బయటపడిందని భయపడుతోందనుకున్నాడు యతీశ్.

"ఇంకే పత్రమూ లేదప్పా," అంది నిమ్మళంగా. "ఆ పొలంలో సగం నీదే. సర్వేయర్ని ఎప్పుడు పిలుచుకొస్తే అప్పుడు కొలిపించుకో."

పోట్లాటకు సిద్ధపడి వచ్చిన యతీశ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మంజులమ్మ కాగితాలను జాగ్రత్తగా మడిచి, వంటింటి వైపు తిరిగింది.

"ప్రేమా, పొయ్యిమీద బాండలి పెట్టు, ధనియాలు వేయించాల. నువ్వు చెప్పినట్టే అయిందమ్మా. ఏడాదిగా మనమే తెరవలేకపోయిన అవ్వ పొడి లెక్కని, అడిగుంటే ముట్టుకోనోడు, ఎత్తుకొనిపోయి తెరిచి తెచ్చిచ్చినాడు మీ చిన్నాయన."