బ్లాక్ కాని సభ్యుడు

దర్జీల ఆన్‌లైన్ గ్రూపుకి ఆమె మోడరేటరు. కింద కుట్టుషాపు, పైన ఇల్లు, ఒంటరి మనిషి. ఆ రాత్రి షట్టరుకు లోపలినుంచి తాళం వేసి, మెట్లెక్కి పైకొచ్చి లైటు వేసి ఫోన్ తెరిస్తే, కొత్త సభ్యుడెవడో గ్రూపుని జిడ్డులా పట్టుకున్నాడు. ఎవరేం అడిగినా వాడిది ఒకటే జవాబు: “అక్కా, లైటు తీసెయ్.”

విసుగొచ్చి బ్లాక్ నొక్కింది. ‘మోడరేటర్లను బ్లాక్ చేయడం కుదరదు’ అని వచ్చింది.

గ్రూపు పెట్టిన అన్నకి ఫోన్ చేసింది. “ఊరూ పేరూ లేనోడికి మోడరేటర్ హోదా ఎందుకిచ్చావన్నా?”

“నేనెక్కడిచ్చానమ్మా? ఇందాకే నీ అకౌంట్ నుంచి ఇచ్చినట్టుంది. నీ షాపు కంప్యూటర్లోంచి.”

కంప్యూటర్లో అకౌంట్ లాగౌట్ చేయకుండా వచ్చేయడం ఆమెకు అలవాటే. కానీ తాళంచెవి గుప్పిట్లోనే ఉంది. చెవులు రిక్కించింది. కింద కీబోర్డు టకటకలాడుతోంది.

“వాడి హోదా తీసెయ్ అన్నా,” అంది గొంతు తగ్గించి.

“తీసేశా. ఇప్పుడు చూడు.”

మళ్ళీ నొక్కింది. ఈసారి బ్లాక్ అయింది. వాడి మాటలన్నీ తెర మీంచి మాయమయ్యాయి. కింద టకటక కూడా ఆగింది.

“పీడ విరగడైందా?” అన్నాడు అన్న.

వాడికిక రాసి చెప్పే దారి లేదు. లోపలి మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది.