పన్నెండు రోజులు

మూడోసారి కూడా దేవకుమారి విమానం టికెట్లు రద్దు చేసుకుంది.

పాలకొల్లులో ఒక జూనియర్ కాలేజీలో ఆమె జువాలజీ చెబుతుంది. గ్రేట్ నికోబార్ దీవిలో కొబ్బరి పీతలుంటాయని ఇరవై ఏళ్ళుగా పిల్లలకు చెబుతూనే ఉంది. కాళ్ళు చాపితే ఒక్కోటి మూడడుగులు. చెట్టెక్కుతుంది. పటకారులాంటి ముందుకాళ్ళతో కొబ్బరికాయ పీచు వలిచి పగలగొడుతుంది.

చెట్టెక్కి కాయలు దింపేవాళ్ళకి పని ఉండదు కదండీ అని పిల్లలు నవ్వేవారు. ఆమెకు మాత్రం ఒక్కసారైనా దాన్ని కళ్ళారా చూడాలని ఉండేది.

దారి కంఠతా వచ్చు. చెన్నై నుంచి విమానం. పోర్ట్ బ్లెయిర్ నుంచి రెండు మూడు రోజుల ఓడ. దీవిలో తిరగడానికి అనుమతి కాగితం. రానూపోనూ పన్నెండు రోజులు.

ఆ పన్నెండు రోజులే దొరకడం లేదు.

భర్త ఏసుపాదం నాలుగేళ్ళ కిందట పక్షవాతంతో పడిపోయాడు. కుడిపక్కా, మాటా రెండూ పోయాయి. పిల్లలు లేరు. తన తరఫున ఎవరూ లేరని ఆయన పెళ్ళికి ముందే చెప్పాడు.

పొద్దున్నే ఒళ్ళు తుడిచి, తినిపించి, పక్క మార్చి కాలేజీకి పరిగెత్తాలి. మధ్యాహ్నం మళ్ళీ ఇంటికి. మళ్ళీ కాలేజీకి. పక్కింటి వీరవేణి మధ్యమధ్య తొంగిచూసేది. పనికి పెట్టుకున్న మనుషులెవరూ వారం దాటి ఉండలేదు. ఆయన వాళ్ళ చేతి ముద్ద ముట్టడు. దేవకుమారి పెట్టినా సగం ఉమ్మేసేవాడు.

"ఆ మంచానికి ఆయన ఒక్కరే అతుక్కుపోలేదండి," అందొకసారి పాస్టరుగారి భార్య సంపూర్ణమ్మతో. అన్నాక తనకే సిగ్గేసింది.

సంపూర్ణమ్మ రాజమండ్రిలో జరిగిన స్త్రీల కూటంలో ఆయన జబ్బు సంగతీ, ఆగిపోతున్న ఈమె పన్నెండు రోజుల ప్రయాణం సంగతీ చెప్పి, ఏసుపాదంగారి కోసం ప్రార్థించమని అడిగింది.

వారం తిరక్కుండా ఒకావిడ గేటు తీసుకుని వచ్చింది. అరవై దాటిన మనిషి. బాగా చిక్కిపోయి ఉంది. పేరు దీనమ్మ అనీ, ధవళేశ్వరంలో ఉంటాననీ, కూటంలో విని వచ్చాననీ చెప్పింది.

"మీరు వెళ్ళి రండమ్మా. సారుని నేను చూసుకుంటాను."

జీతం మాటెత్తితే ఏమీ వద్దంది. ఫోన్ లేదంది. ఈ ఊళ్ళో తెలిసినవాళ్ళున్నారా అంటే లోపలి గది వైపు చూసింది.

"మరి ఊరికే ఎందుకు చేస్తారండి?"

"నాకా పన్నెండు రోజులు కావాలమ్మా."

ఆ మాట దేవకుమారికి నచ్చలేదు. సంపూర్ణమ్మకు ఫోన్ చేస్తే, కూటంలో చూడటమే తప్ప తనకీ పెద్దగా తెలియదంది. అయినా ఆశ ఊరుకోలేదు. ఒక్క పూట చూద్దామనుకుంది. ఆయన్ని దీనమ్మకు అప్పగించి కాలేజీకి వెళ్ళింది.

స్టాఫ్ రూములో కూర్చుని మళ్ళీ ఓడ తేదీలు వెతికింది. నాలుగేళ్ళలో మొదటిసారి గుండెల నిండా గాలి పీల్చుకున్నట్టయింది.

సాయంత్రం గేటు దగ్గరికి వచ్చేసరికి ఏడుపు వినబడింది. మాట పోయిన మనిషి గొంతులోంచి వస్తున్న ఏడుపు.

లోపలికి పరిగెత్తింది.

ఏసుపాదం ఎడమచేత్తో దీనమ్మ కొంగు పిడికిలి బిగించి పట్టుకున్నాడు. మొహమంతా కన్నీళ్ళు. ఆవిడా ఏడుస్తోంది. పక్కన ఖాళీ కంచం.

"ఏం చేశారు ఆయన్ని?"

"ఏం చెయ్యలేదమ్మా. అన్నం తిన్నారు."

"అన్నం తింటే ఎవరైనా ఇలా ఏడుస్తారా?"

దీనమ్మ ఆయన మొహం అరచేత్తో తుడిచింది.

దేవకుమారి ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విప్పి కొంగు విడిపించింది. ఇంక రావద్దని చెప్పింది. ఆవిడ గుమ్మంలో నిలబడి ఒక్కసారి వెనక్కి చూసి వెళ్ళిపోయింది.

ఓడ తేదీలు వెతకడం ఆ రోజుతో ఆగిపోయింది.

ఏసుపాదం మాత్రం గేటు చప్పుడైతే చాలు, తల తిప్పి చూసేవాడు. వచ్చింది దేవకుమారే అని తెలియగానే గోడవైపు తిరిగేవాడు. రోజురోజుకీ తిండి తగ్గిపోయింది.

నెల దాటాక, ఏదో మాటల్లో వీరవేణి ఆ రోజు సంగతి ఎత్తింది. తను కిటికీలోంచి చూశానంది. ఆవిడ తల నిమురుతూ పెడుతుంటే సారు పసిపిల్లాడిలా నోరు తెరిచి కంచమంతా తిన్నారంది. ఆ ఏడుపు తినడం అయ్యాకే మొదలైందట.

దేవకుమారి ఆ పూటే సంపూర్ణమ్మకు ఫోన్ చేసింది.

కూటంవాళ్ళని అడిగించి దీనమ్మ చిరునామా కనుక్కుంది. ఆదివారం వీరవేణిని ఇంట్లో కూర్చోబెట్టి ధవళేశ్వరం బస్సెక్కింది. తప్పయిపోయింది, మళ్ళీ రండి అని అడగాలనుకుంది. తను ఎక్కడికీ వెళ్ళకపోయినా ఫర్వాలేదు, ఆయన ఇంత తింటే చాలనుకుంది.

కాలవ లాకుల దగ్గర ఒంటిగది ఇల్లు. తలుపుకి తాళం వేసి ఉంది.

పక్క వాటాలోంచి బేబి అనే ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"దీనమ్మగారా? పోయి పదిరోజులైందండి. కడుపులో కేన్సరు. ఎన్నాళ్ళో ఉండరని డాక్టర్లు ముందే చెప్పేశారండి."

దేవకుమారి అరుగు మీద కూర్చుంది. ఆవిడకు నా అన్నవాళ్ళెవరూ లేరా అని అడిగింది.

"ఉన్నారండి. వేరే మతం మనిషిని చేసుకుందని వాళ్ళ నాన్నగారు వెళ్ళగొట్టేశారట. ఇంట్లో ఈవిడ పేరే ఎత్తనివ్వలేదట. ఇన్నేళ్ళ తర్వాత ఫలానా అని చెబితే గుమ్మంలోంచే పంపేస్తారని భయపడిందండి," అంది బేబి. "తల్లి పోతే చంకనేసుకుని పెంచిన తమ్ముడట, పాలకొల్లులో మంచం మీదున్నాడట, వాడికి ఒక్క పూటైనా నా చేత్తో అన్నం పెట్టి వచ్చాను, ఇంక చాలే అందండి."