పచ్చ తువ్వాల

"చెయ్యి తియ్! ఆటో పోనియ్!"

సూరత్‌లో ఆ పెద్దాసుపత్రి గేటు దగ్గర కమలాకర్ గొంతు చించుకున్నాడు.

ఆటో కడ్డీ పట్టుకున్న ముసలాయన వదల్లేదు. మాస్కు లేదు, మూతికి పచ్చ తువ్వాల చుట్టుకున్నాడు. కళ్లు తప్ప ఏమీ కనబడటం లేదు.

ఆటోలో కమలాకర్ భార్య తిరుమల ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది పదకొండేళ్ల కూతురు అక్షర. నిన్న సాయంత్రం బిల్డింగు మెట్ల మీంచి పడి తొడ ఎముక విరిగింది. ఆసుపత్రిలో కదలకుండా చెక్క కట్టారు, అంతే.

"ఆపరేషన్ జేపియ్యి బిడ్డా," అన్నాడు ముసలాయన. "తొడ బొక్క కట్టుకు ఆగదు. కాలు వంకరబోతది."

డాక్టరూ అదే చెప్పాడు. ఎముక లోపలికి సన్నటి కడ్డీలు ఎక్కిస్తాం, అతుక్కున్నాక తీసేస్తాం, పిల్ల మళ్లీ పరుగెత్తుతుంది అన్నాడు. ఇవాళ వెళ్లిపోతే మళ్లీ థియేటర్ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేనని కూడా అన్నాడు.

కానీ పక్క వార్డు నిండా కరోనా రోగులే! లోపలికి పోయినోళ్లు బయటికి రారంటూ మగ్గం దగ్గరి దోస్తులు ఒకటే ఫోన్లు. ఎవరి మాట నమ్మాలో కమలాకర్‌కు పాలుపోలేదు. చివరికి ఊరవతల పల్సానాలో ఎముకలు కట్టే మొండయ్యే దిక్కనుకున్నాడు. సిరిసిల్ల మనిషి, చెయ్యి మంచిదని పేరు.

"మేం మొండయ్య తాన్కి పోతున్నం. నడుమ నీకేంది?"

"మొండయ్య తొడకు కట్టు కట్టడు."

"నీకెట్ల ఎరుక? మమ్ముల ఆపితే నీకు కమీషన్ ఎంతిస్తరు?"

ముసలాయన కళ్లలో గిర్రున నీళ్లు తిరిగాయి.

"నేను..." అంటూ తువ్వాల కిందికి లాగబోయాడు.

"ఏ చాచా! ముహ్ ఢకో!" గేటు దగ్గరి పోలీసు లాఠీ ఎత్తి ఉరికొచ్చాడు.

ముసలాయన కడ్డీ వదిలేసి, చప్పున తువ్వాల మూతి మీదికి ఎగలాక్కున్నాడు. ఆ సందులో ఆటో కదిలింది.

దారి పొడుగునా గుంతలే. ప్రతి గుంతకూ పిల్ల కెవ్వుమంటోంది.

"కమీషన్ తినేటోడు ఏడుస్తడా?" అంది తిరుమల.

"ఊకో! అసలే దిమాక్ పనిజేస్తలేదు."

పల్సానాలో మొండయ్య భార్య బాలవ్వ ఆటోలోకి తొంగి చూసి నెత్తి కొట్టుకుంది.

"అయ్యో, తొడనే? మీరు గూడ గిట్లనే వచ్చిండ్రా? తొడ బొక్క నాతోని గాదు, దవాఖానకే పోండ్రని ఆయన మొత్తుకుంటుండు. కరోనా భయానికి ఎవ్వలు ఇంటలేరు."

"జర పిలువు అవ్వా, నీ కాళ్లు మొక్కుత," అన్నాడు కమలాకర్.

"ఇంట్ల ఉంటె గదా! ఈడిదాక వచ్చినంక చెప్తే ఏం లాభం, దవాఖాన గేటు కాడనే ఆపుతనని పొద్దుగాల్నే పోయిండు. మూతికి పచ్చ తువ్వాల కట్టుకున్నడు... మీకు అగుపడలేదా?"