అకాయితి మామ్మ విప్పించిన కుట్లు

"దుప్పటి మీద ఈ ఆకు కుట్టేటప్పుడు ఎవరి మీద చాడీలు చెప్పావే?" అని అడిగింది అకాయితి మామ్మ, కళ్ళద్దాలు ముక్కు చివరికి జారనిచ్చి.

తెయినా చేతిలో సూది ఆగింది. "ఎవరి మీదా లేదు మామ్మా."

"నువ్వు చెప్పకపోయినా నీ కుట్టు చెబుతోంది. ఈ వంకర దగ్గర మీ ఆడపడుచు, ఆ ఎడం దగ్గర దాని మొగుడు. ఇది కప్పుకుంటే రోగిష్టి మనిషికి నిద్ర పడుతుందా? విప్పు."

తెయినా విప్పింది.

ఐతుతాకి దీవి చర్చి హాల్లో గురువారం గురువారం జరిగే పని ఇదే. స్త్రీల సమాజం వాళ్ళు కుట్టడం, మామ్మ విప్పించడం. అది ఎర్ర మందారాల తివైవై. మంచం నిండా పరిచినా ఇంకా మిగిలేంత దుప్పటి. కుట్టు కుట్టుకీ ఒక ప్రార్థన చొప్పున జబ్బుపడిన మెరెయానా కోసం కుడుతున్నారు. ఆరు నెలల్లో అయ్యే పని. పద్నాలుగో నెల నడుస్తోంది. విప్పిన కుట్ల తాలూకు ప్రార్థనలు దేవుడి దాకా వెళ్ళాయో, సగం దారిలోనే వెనక్కి తిరిగాయో, పాస్టరమ్మ వాయోరాకి అర్థమయ్యేది కాదు.

వాయోరా ఈ దీవికి వచ్చి ఎనిమిది నెలలే. భర్తకి బదిలీ అయితే మంగాయా దీవి నుంచి వచ్చింది. అక్కడ ఏడాదిలో మూడు దుప్పట్లు ముగించిన సమర్థురాలు.

"మెరెయానా ఎవరనుకున్నారు పాస్టరమ్మగారూ, ఈవిడ సొంత చెల్లెలే," అన్నారు ఆడవాళ్ళు, మామ్మ టీకి లేచినప్పుడు. "ఇరవయ్యేళ్ళ కిందట ఈవిడ గీసిన పువ్వు నమూనా ఆవిడ కాపీ కొట్టిందట. అప్పట్నుంచీ మాటల్లేవు. చర్చిలో ఒకే బల్ల మీద చెరో కొసనా కూర్చుని, ఒకే పాటలో చెరో వరసా పాడతారు."

"అసలు మాటల్లేవా?"

"దీనికి గుడ్డ కత్తిరించిన రోజున మెరెయానా వచ్చి ఈవిడ చెవిలో ఏదో అంది. క్షమాపణే అయ్యుంటుంది."

"మామ్మ ఏమంది?"

"'సరే, చూద్దాం' అంది. ఇంకా చూస్తూనే ఉంది."

మెరెయానాకి రెండు నెలలే గడువని డాక్టర్ తేల్చాకే ఈ దుప్పటి మొదలుపెట్టారు. ఆమె ఇంకా బతికే ఉంది. ఆ ఘనత తన ఉపవాస ప్రార్థనలదని పాస్టరుగారు, తను పిండి తాగించిన నోని కాయల రసానిదని మెరెయానా వదినగారు, తన మాత్రలదని డాక్టరు. ఎవరి వాటా వాళ్ళు పంచేసుకున్నారు.

వాయోరా మాత్రం ఆమె ముఖం చూస్తూనే ఉంది. వారం వారం చిక్కిపోతోంది. ఆ దుప్పటి ప్రాణమున్న భుజాల మీద పడాలి. పెట్టెలో పడుకున్నాక కప్పితే ఏం లాభం? చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా మెరెయానా ఒకటే అడిగేది.

"దుప్పటి ఎంతవరకూ వచ్చిందమ్మా?"

"ఇంకా అవలేదు, అమ్మమ్మగారూ." చెప్పడానికి సిగ్గేసేది.

"పోనీలే," అని నవ్వేది మెరెయానా. ఎంత ఓర్పు, అనుకునేది వాయోరా. తోబుట్టువులిద్దరిలో దేవుడు మంచితనమంతా ఒకరికే పోసేశాడు.

ఒక గురువారం వాయోరా ఉండబట్టలేక అడిగేసింది. "మామ్మా, మీ కోపం చల్లారేలోగా మీ చెల్లెలు చల్లబడిపోతే?"

అకాయితి మామ్మ దారం కొసని నాలుకతో తడిపి, సూదిలోకి ఎక్కించి, అప్పుడు తలెత్తింది.

"నాకు తొందర ప్రార్థనలు నచ్చవు, పాస్టరమ్మా. ఇదిగో, ఈ మందారం రేకు ముడుచుకుంది. విప్పండి."

చివరికి దేవుడే దారి చూపించాడు. పెద్ద దీవి రారోటోంగాలో మామ్మ మునిమనవడి పుట్టువెంట్రుకల వేడుక వచ్చింది. ముత్తవ్వ వెళ్ళక తప్పదు. నాలుగు రోజులు. మామ్మ ఎర్ర దారం ఉండలన్నీ సంచిలో వేసుకుని మరీ విమానమెక్కింది. రారోటోంగాలో దారం దొరకదని భయం కాబోలు.

విమానం కనుమరుగయ్యేలోగా వాయోరా కొట్టుకి వెళ్ళి కొత్త దారం కొనుక్కొచ్చింది.

రెండు రోజుల్లో ముగించేశారు. ఆడవాళ్ళు టీ తాగారు, కొబ్బరి రొట్టెలు తిన్నారు, ఆడపడుచుల్ని ఆడిపోసుకున్నారు. మామ్మ కూర్చునే కుర్చీ మీద టీ పళ్ళెం పెట్టారు. వంకర కుట్లు వంకరగానే ఉండిపోయాయి. దేవుడికి మామ్మ కళ్ళద్దాలు లేవు కదా అని నవ్వుకున్నారు. ఆఖరి ముడి వాయోరా తన చేతులతో వేసి, దారం తెంపి, "ఆమేన్" అంది.

శనివారం పొద్దున నలుగురు కలిసి దుప్పటి మోసుకెళ్ళారు. మెరెయానా వసారాలో కూర్చుని, చేమదుంప మొక్కల్లోకి దూరిన కోళ్ళని తిడుతోంది. వాళ్ళు దుప్పటి విప్పి ఆమె ఒళ్ళో పరిచారు. మందారాలు ఆమె మోకాళ్ళ మీంచి నేల దాకా పూశాయి.

"ఎంత బాగుందమ్మా," అంది. తర్వాత అంచు పట్టుకుని, వేలితో తడుముతూ ఒక మూల నుంచి మొదలుపెట్టి నాలుగు మూలలూ చుట్టి వచ్చింది.

"ఎక్కడా వదిలిపెట్టలేదా?"

"ఒక్క కుట్టు కూడా వదల్లేదు," అంది వాయోరా గర్వంగా. "ఆఖరి ముడి నేనే వేశాను."

మెరెయానా కోళ్ళ వైపు చూసింది. వాటిని తిట్టలేదు.

"డాక్టర్ రెండే నెలలన్నాక, దీనికి గుడ్డ కత్తిరించిన రోజున, ఈ దుప్పటి ముగిసేదాకా నన్ను ఉంచితే చాలు ప్రభువా అని అడిగానమ్మా, ఆ సంగతి మా అక్క ఒక్కదాని చెవిలోనే వేశాను."