కాయని పొద

కత్తి పొద మొదట్లో పడబోతుండగా గేటు దగ్గర ఎవరో గట్టిగా చప్పట్లు కొట్టారు.

టీచరమ్మ చిరాగ్గా వెనక్కి తిరిగింది.

రిటైరయ్యాక కొనుక్కున్న ఇల్లు అది. ప్రహరీ పొడుగునా అయిదు కానరేగు పొదలు. నాలుగింటికి ఏటా కొమ్మ కనబడనన్ని ఎర్రటి పళ్ళు. మూలనున్న అయిదోది మాత్రం ముళ్ళు తప్ప ఏమీ ఇవ్వదు.

నీళ్ళు దండగ, ఎరువు దండగ అని ఇవాళ దాన్ని కొట్టించేస్తోంది.

గేటు అవతల మాసిన చొక్కా, మట్టి కాళ్ళతో ఓ ముసలాయన.

"కొ... కొట్టించకండమ్మా. అది మ... మ..."

"మ?"

"మ... మ..."

మెడ నరాలు ఉబ్బాయి. మాట మాత్రం పెదవి దాటలేదు.

"ముళ్ళపొదా? అది నాకూ కనిపిస్తోందిలే."

కత్తి పట్టుకున్న పనివాడు పకపకా నవ్వాడు. ఆ నవ్వుతో టీచరమ్మకు ఇంకాస్త హుషారొచ్చింది.

"పెద్దాయనా, ముందు అక్షరాలు దిద్దుకుని రా. పాఠం తర్వాత చెబుదువుగాని."

ఆయన ముఖం కందిపోయింది. చేతులు జోడించి మళ్ళీ నోరు తెరిచాడు.

టీచరమ్మ గేటు గడియ వేసేసింది.

"నువ్వు కొట్టవోయ్!"

మరుసటేడు నాలుగు పొదలూ విరగబూశాయి. ఒక్క కాయ నిలవలేదు.

పక్కింటి వదినగారి పొదా అంతే. ఎదురింటి బాబాయిగారిదీ అంతే.

"ఏం మాయదారి తెగులో!" అన్నారు వీధంతా.

టీచరమ్మ ఓ పూల రెమ్మ తుంచుకుని మొక్కల పరిశోధన కేంద్రానికి వెళ్ళింది. అక్కడి ఆఫీసరమ్మ రెమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది.

"తెగులేం లేదండీ. ఇది ఆడ పొద. దగ్గర్లో మగ పొద లేదా?"

"మగ పొదా?"

"అది కాయదు. కానీ దాని పుప్పొడి అందకపోతే ఆడ పొదలేవీ కాయవు."

టీచరమ్మకు మూలనున్న పొద గుర్తొచ్చింది.

"ఇంకోటి నాటితే?"

"పూతకొస్తే గాని ఆడో మగో తెలీదు. ఏళ్ళు పడుతుంది. ఇంతకీ మీది ఏ వీధండీ?"

"నీళ్ళ ట్యాంకు వీధి. ఆ మగ పొదని నేనే కొట్టించేశానమ్మా. ఒకాయన చెప్పబోయాడు. మాట తడబడుతుంటే పనివాడి ముందు ఎగతాళి చేశాను."

కొంగుతో కళ్ళొత్తుకుంది.

"ముప్పై ఏళ్ళు పిల్లలకు చదువు చెప్పినదాన్ని. ఒక్క మాట పూర్తయ్యేదాకా ఆగలేకపోయాను. ఆయనెక్కడున్నా వెతికి కాళ్ళు పట్టుకోవాలి."

ఆఫీసరమ్మ రెమ్మను నెమ్మదిగా బల్ల మీద పెట్టింది.

"ఆయన పోయి నాలుగు నెలలైందండీ."

"మీకు తెలుసా?"

ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"ఆ వీధి పొదలన్నీ ఆయన అడవిలో గింజలేరి మొలిపించినవే. మీరు కొట్టించబోతున్నారని విని, జన్మలో కొత్తవాళ్ళ ముందు నోరు విప్పని మా నాన్న, ఆ ఒక్క మాటే వారం రోజులు అద్దం ముందు అనుకుని అనుకుని మీ గేటు దాకా వచ్చారు."