అత్త దుంపల మడి

అక్కా,

నా తప్పుల రాతకూ కోడిగీతలకూ ఏమనుకోకు, నేను చదివింది తక్కువని నీకు తెలుసుగా.

నిరుడు జూన్‌లో మిడ్‌సమ్మర్ పండగనాడు మా అత్త సిగ్రిడ్ చుట్టాలందరి ముందూ అంది: "ఆ గొడ్రాలి చేతులతో నా దుంపల మడి ముట్టకే, మొలకలు చస్తాయి." అందరూ నవ్వారు.

ఆ శరదృతువులో మా ఇంట్లో కట్టెల పొయ్యి పీకేసి, నేలలోని వేడిని గొట్టాలతో లాగి ఇల్లు కాచే పంపు పెట్టించారు. అత్త చర్చికి వెళ్లినప్పుడు పనివాడు అడిగాడు: "గొట్టాలు ఎక్కడ పాతమంటావమ్మా?"

నేను మడి చూపించాను.

"అక్కడ నేల గడ్డకడుతుంది, ఏమీ మొలవదు."

"పర్లేదండీ."

తిరిగొచ్చి, తవ్వి పూడ్చిన మట్టి చూసి అత్త మురిసిపోయింది. "మడి తవ్వించావా? ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందే!"

చలికాలమంతా "ఇంకాస్త వేడి పెంచవే" అంటూనే ఉంది. అడిగినప్పుడల్లా పెంచాను.

మే నెలలో ఊరంతా మంచు కరిగినా ఆ మడిలో పార దిగలేదు. నిన్న మళ్లీ మిడ్‌సమ్మర్ పండగకు అత్త పక్కింటివాళ్లను కొత్త దుంపలు అడిగి తెచ్చుకుంది. "నా నేల గొడ్డుపోయిందే" అని ఏడ్చింది. ఆమెకు చలేస్తుందేమోనని మళ్లీ వేడి పెంచాను.

చదివాక ఇది నీ పొయ్యిలో కాల్చెయ్. మా ఇంట్లో ఇప్పుడు నిప్పు లేదు.